హారంలో లేని పిల్లలు

(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరు, ఆయన చేసిన ఉద్యోగాలు, అందుకున్న సత్కారాలు అధ్యక్షులు ఇప్పుడే చెప్పారు. నేను మళ్లీ చెప్పను. మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్‌ని మాస్టారూ అని పిలవడం వింతే. కానీ మా బ్యాచ్‌కి ఆయన మాస్టారే. ఎస్‌పీఎం (సామాజిక, నివారణ వైద్యం) అంటే పరీక్షకు ముందు రాత్రి చదివి పడేసే సబ్జెక్టని అందరూ అనుకునే రోజుల్లో ఆయన క్లాసుకు బెంచీలు చాలేవి కావు. ఎవరు ఏ శాతం చెప్పినా ఆయన ప్రశ్న ఒక్కటే: "కింద ఎంతరా?" భిన్నంలో పైనున్న లవం అందరూ గట్టిగా చదువుతారు, కిందున్న హారం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు అనేవారు. మన దేశంలో పసిపిల్లలకు టీకాలు ఎంతమందికి అందాయి, ఆ అంకె ముప్పయ్యేళ్లలో ఎలా మారింది అన్నది ఇవాళ నాకిచ్చిన విషయం. దాన్ని ఆ ప్రశ్నతోనే చూస్తాను.

ముందు ఐదు అంకెలు. 35, 42, 44, 62, 76. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదు విడతల్లో తేల్చిన శాతాలివి. మొదటిది 1992-93లో, రెండోది 1998-99లో, మూడోది 2005-06లో, నాలుగోది 2015-16లో, ఐదోది 2019-21లో జరిగాయి. ఏడాది నిండి రెండో ఏడు నడుస్తున్న పిల్లల్లో, అంటే 12 నుంచి 23 నెలల వాళ్లలో, ఎంతమందికి టీకాలన్నీ పడ్డాయన్నది లెక్క. "అన్నీ" అంటే బీసీజీ ఒకటి, డీపీటీ లేదా ఇప్పటి పెంటావాలెంట్ మూడు, పోలియో చుక్కలు మూడు సార్లు, తట్టు టీకా ఒకటి. పుట్టగానే వేసే పోలియో చుక్క ఇందులోకి రాదు. ఎనిమిదిలో ఏడు పడ్డ పిల్ల కూడా ఈ లెక్కలో పడనట్టే.

పైపైన చూస్తే ఇది మెట్లెక్కిన కథ. మూడో వంతు దగ్గర మొదలై ముప్పావు దాటాం. నిజంగానే గర్వపడాల్సిన విషయం, కాదనను. అసలే టీకా పడని పిల్లలు 1992-93లో నూటికి ముప్పై మంది, ఐదో సర్వే నాటికి నలుగురు కూడా లేరు. కోరింత దగ్గుతో నీలంగా మారిపోయే పిల్లల్ని, కంఠసర్పితో గొంతు పూడుకుపోయిన పిల్లల్ని, మంత్రసాని కోసిన బొడ్డు నుంచి ధనుర్వాతం పట్టిన పసిగుడ్లను మా తరం డాక్టర్లం వార్డుల్లో చూశాం. ఇక్కడి మెడికోలు వాటిని ఎక్కువగా పుస్తకాల్లోనే చూసి ఉంటారు. అయితే ఈ మెట్లు సమానంగా లేవు. మధ్యలో ఒకచోట పదమూడేళ్ల పాటు కాలు పెద్దగా కదల్లేదు. కొన్ని రాష్ట్రాలు రెండు మెట్లు కిందికి జారాయి. అందులో మనదీ ఒకటి.

మొదలు నుంచి వస్తాను. మశూచి పోయిందని దేశం ఊపిరి పీల్చుకున్న వెంటనే, 1978లో విస్తృత టీకా కార్యక్రమం మొదలైంది. చాలావరకు పట్టణాల ఆసుపత్రులకే పరిమితమైంది. 1985 నవంబరు 19న దాన్ని సార్వత్రిక టీకా కార్యక్రమంగా మార్చారు. తట్టు టీకా చేరింది. కొన్ని జిల్లాలతో మొదలుపెట్టి 1989-90 నాటికి దేశంలోని అన్ని జిల్లాలకూ తీసుకెళ్లారు. చిన్న పని కాదది. కరెంటు నిలకడగా ఉండని ఊళ్లకు మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచుతూ చేర్చాలి. ఐఎల్‌ఆర్ అనే ఫ్రిజ్‌లు, డీప్ ఫ్రీజర్లు, నీలం రంగు క్యారియర్లు, వాటిలో పెట్టే ఐస్ ప్యాకులు అన్నీ ఆ నాలుగైదేళ్లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు (పీహెచ్‌సీలకు) చేరాయి. మన ప్రజారోగ్య చరిత్రలో ఇంత వేగంగా జరిగిన పని మరొకటి నాకు గుర్తు రావడం లేదు.

ఆ వేగంతో పాటే అంకెలూ పరుగెత్తాయి. 1990 ప్రాంతంలో ప్రభుత్వ నివేదికలు చూస్తే టీకాలు 80, 90 శాతం దాటి వేసేశారు. కొన్ని జిల్లాల్లో వందా దాటింది. ఆ తర్వాత రెండేళ్లకు ఇంటింటికీ వెళ్లిన మొదటి కుటుంబ ఆరోగ్య సర్వే వచ్చి, పూర్తిగా పడింది నూటికి 35 మందికేనంది. ఒక్క డీపీటీ మూడో డోసు తీసుకున్నా 52 శాతమే. అన్ని టీకాలు కలిపి తీసే శాతం, ఒక్కో టీకా శాతం కన్నా తక్కువే ఉంటుంది, అది సహజం. కానీ 90కీ 52కీ మధ్య తేడాను గణితంతో సరిపెట్టలేం.

ఎవరో కూర్చుని దొంగలెక్కలు రాశారని ఠక్కున అనేయకండి. కొన్నిచోట్ల రాశారు, సందేహం లేదు. కానీ నిజాయితీగా రాసిన లెక్క కూడా తప్పుతుంది. ఎందుకంటే సబ్‌సెంటరులో నర్సమ్మ దగ్గరున్న హారం తలలు లెక్కపెట్టి తెచ్చింది కాదు. జిల్లా జనాభాను జననాల రేటుతో హెచ్చించి, పీహెచ్‌సీలకు పంచి, అక్కడి నుంచి సబ్‌సెంటర్లకు పంచిన అంకె. నీ ఏరియాలో ఈ ఏడాది 120 మంది పుడతారు అని పైనుంచి చెబుతారు. ఆమె 118 మందికి వేస్తే 98 శాతం. ఆ ఊళ్లో నిజంగా 160 మంది పుట్టారా, 90 మందే పుట్టారా అన్నది ఆ కాగితానికి పట్టదు. పక్క ఊరి పిల్లలు పది మంది వచ్చి వేయించుకుంటే లవంలో చేరతారు, హారంలో ఉండరు. అందుకే వంద దాటుతుంది. వంద దాటిన అంకెను చూసి సమీక్షలో చప్పట్లు కొట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మన తెలుగు ఇళ్ల సంగతే తీసుకోండి. తొలికాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పిల్లను తీసుకొస్తారు. కాన్పై, బాలింత తేరుకుని, మూడో నెలో ఐదో నెలో వచ్చాక చీరె సారెతో అత్తారింటికి పంపుతారు. టీకాల పట్టిక చూడండి. పుట్టగానే బీసీజీ, ఆ తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడు డోసులు, తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా. అంటే మొదటి సగం ఒక ఊళ్లో, రెండో సగం మరో ఊళ్లో. పుట్టింటి ఊరి నర్సమ్మ దృష్టిలో ఈ బిడ్డ "వచ్చి పోయే కేసు". అత్తింటి ఊరి నర్సమ్మ జాబితాలో గర్భిణిగా ఆమె పేరు ఉంది, ఎదురుగా "పుట్టింటికి వెళ్లింది" అని రాసి ఉంది. బిడ్డ పేరు ఇంకా ఎక్కలేదు. ఐదో నెల బిడ్డను చంకనేసుకుని ఆమె దిగేసరికి పద్నాలుగు వారాల డోసు గడువు దాటిపోయి ఉంటుంది. కార్డేమో అమ్మమ్మ బీరువాలో చీరెల కింద భద్రంగా ఉంటుంది. కార్డు జాగ్రత్తగా దాచమని చెప్పింది మేమే మరి. ఈ బిడ్డకు టీకాలు వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. నర్సమ్మలిద్దరూ పని ఎగ్గొట్టలేదు. రెండు రిజిస్టర్ల మధ్య సందులో బిడ్డ జారిపోయింది, అంతే.

సరదా ఆచారం కాబట్టి దీని గురించి నవ్వుకుంటూ చెప్పొచ్చు. ఇదే కథ పాలమూరు నుంచి మేస్త్రీ వెంట వెళ్లే కూలీల విషయంలో, శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్ వేరావల్‌కి బోట్ల మీద పనికి వెళ్లే మత్స్యకారుల కుటుంబాల విషయంలో నవ్వుకునేది కాదు. ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు ఆరేడు నెలలు ఇక్కడే ఉంటాయి. బట్టీ పక్కన గుడిసెలో పుట్టిన బిడ్డ ఒడిశా హారంలోనూ లేదు, తెలంగాణ హారంలోనూ లేదు. ఆ బిడ్డకు టీకా వేయకపోయినా ఏ జిల్లా శాతమూ ఒక్క పాయింటు కూడా తగ్గదు. మాస్టారు అడిగే "కింద ఎంత" అన్న ప్రశ్నకు అసలు పదును ఇక్కడే. హారంలో లేని పిల్లను వదిలేసినందుకు ఎవరినీ ఎవరూ అడగరు.

అధికారుల లెక్కకు విరుగుడుగా సర్వేలు వచ్చాయి. వాటికీ తమ లోపాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేర్పిన క్లస్టర్ సర్వే మా విద్యార్థి దశలో కొత్త. జిల్లాలో ముప్పై ఊళ్లు, ఊరికి ఏడుగురు పిల్లలు, మొత్తం 210 మంది. ఊళ్లోకి వెళ్లగానే నడిమధ్యన నిలబడి నేల మీద సీసా తిప్పాలి. సీసా మూతి ఎటు ఆగితే అటు నడవాలి. ఆ దారిలో ఉన్న ఇళ్లలో ఒకటి చీటీ తీసి, అక్కడి నుంచి పక్కిల్లు, పక్కిల్లు చొప్పున ఏడుగురు దొరికేదాకా వెళ్లాలి. మాస్టారు మాకు ఇది చేయించారు. రామాలయం ముందు రోడ్డు మీద గోలీసోడా సీసా తిప్పుతుంటే ఊరి పిల్లలంతా చుట్టూ మూగేవాళ్లు. ఏదో ఆటనుకున్నారు పాపం.

మూడో ఊరు పూర్తయ్యాక మాస్టారు మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టి అడిగారు: సీసా ఎక్కడ తిప్పారు? ఊరి నడిమధ్య. నడిమధ్య ఎవరి ఇళ్లున్నాయి? మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తెలుగు పల్లెలో నడిమధ్య ఎవరుంటారో, మాల మాదిగ పల్లెలు ఊరికి ఏ దిక్కున ఎంత దూరంలో ఉంటాయో చెప్పక్కర్లేదు. సీసా మూతి అటు తిరిగినా నడిచే కాళ్లకు ఏడుగురు పిల్లలు ముందే దొరికిపోతారు. తండాకు, గూడేనికి చేరేదాకా సర్వే సాగదు. "సీసాకు కులం లేదు, కానీ మీరు నిలబడ్డ చోటికి ఉంది" అన్నారాయన. ఈ పద్ధతిలోని లోపాలను ప్రపంచమంతటా గణాంకవేత్తలు ఎత్తిచూపాక ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మార్చేసింది. ఇళ్ల జాబితా ముందే తయారుచేసి అందులోంచి ఎంపిక చేయాలంటోంది. కుటుంబ ఆరోగ్య సర్వే మొదటి నుంచీ దాదాపు ఆ దారిలోనే నడిచింది. అందుకే నేను దాని అంకెలనే ఎక్కువ నమ్ముతాను. ఆ సర్వే 2005-06లో గిరిజన పిల్లల్లో పూర్తి టీకాలు 31 శాతమని, ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని కుటుంబాల్లో 54 శాతమని తేల్చింది. సీసా సర్వేలో ఈ తేడా ఇంత స్పష్టంగా కనిపించేది కాదు.

ఇక ఆ పదమూడేళ్ల నిలకడ గురించి. డీపీటీ మూడో డోసు 1992-93లో 52 శాతం, 1998-99లో 55, 2005-06లో మళ్లీ 55. ఏడేళ్లలో ఒక్క పాయింటూ పెరగలేదు. అదే కాలంలో పోలియో చుక్కలు మూడు సార్లు తీసుకున్నవాళ్లు 53 నుంచి 63కి, అక్కడి నుంచి 78కి పెరిగారు. 1995లో దేశమంతటా పల్స్ పోలియో మొదలైంది. ఆదివారం బూత్, సోమవారం నుంచి ఇంటింటికీ, వేలికి గుర్తు, గోడ మీద సుద్దముక్క రాతలు, మైకు ప్రచారం. ఆ శ్రమ ఫలించింది. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డా జిల్లాలో వచ్చిన సహజ వైరస్ పోలియో కేసే చివరిది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. ఇది సామాన్యమైన విజయం కాదు.

అయితే చుక్కలు ఇంటికే వచ్చి వేస్తుంటే, సూది కోసం సెంటరుకు వెళ్లాల్సిన అవసరం ఏముందని చాలామంది తల్లులు అనుకున్నారు. టీకాలన్నీ వేయించారా అమ్మా అంటే, "ఆఁ, చుక్కలు వేశారుగా" అనే జవాబు మా అందరికీ పరిచయమే. నర్సమ్మలకు ఏడాదిలో కొన్ని వారాలు పోలియో పనికే పోయేవి. పల్స్ పోలియో మామూలు టీకాలను దెబ్బతీసిందని కొందరు, లేదు, మందును చల్లగా చేర్చే కోల్డ్ చైన్‌నీ సూక్ష్మ ప్రణాళికనీ బలపరిచిందని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. నా అభిప్రాయం అడిగితే రెండూ నిజమే, కానీ మొదటిది ముందు జరిగింది, రెండోది పదేళ్ల తర్వాత జరిగింది. మధ్యలో పుట్టిన పిల్లలు నష్టపోయారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంకెలు చూడండి. 1992-93లో 45, 1998-99లో 59, 2005-06లో 46. ఏడేళ్లలో పదమూడు పాయింట్లు పోయాయి. రాష్ట్రంలో సర్వేకు దొరికిన ఆ వయసు పిల్లలు కొన్ని వందల మందే గనక అంకెలో కొంత ఊగిసలాట ఉంటుంది, నిజమే. కానీ మహారాష్ట్ర 78 నుంచి 59కి, పంజాబ్ 72 నుంచి 60కి, తమిళనాడు 89 నుంచి 81కి దిగాయి. ఇన్ని రాష్ట్రాల్లో ఒకేసారి కేవలం శాంపిల్ తప్పిందనుకోవడం కుదరదు. ఇంకో వైపు బిహార్ చూడండి. 1998-99లో పదకొండు చిల్లర. అది 2005-06కి 33, 2015-16కి 62, ఐదో సర్వేకు 71. వెనకబడిన రాష్ట్రాలు ఎక్కుతున్నాయి, ముందున్నవి దిగుతున్నాయి, రెండూ కలిసి దేశం సగటును 42 నుంచి 44కి చేర్చి ఏమీ జరగనట్టు చూపించాయి. సగటు అనేది ఇలాంటి పనులే చేస్తుంది.

మన రాష్ట్రంలో ఈ పతనం జరిగిన కాలమే హైదరాబాద్ టీకాల రాజధానిగా పేరు తెచ్చుకుంటున్న కాలం. 1997లో శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను మార్కెట్లోకి తెచ్చి ధరలను నేలకు దించింది. హైదరాబాద్‌లో తయారైన సీసాలు ఎక్కడెక్కడి దేశాలకో వెళ్లాయి. ఆ సీసాలు తయారయ్యే రాష్ట్రంలోనే, వందలో యాభై నాలుగు మంది పిల్లలకు మామూలు టీకాలు పూర్తి కాలేదు. మందు తయారు చేయడం ఒక విద్య, దాన్ని తొడ కండలోకి చేర్చడం వేరే విద్య.

ఆ రెండో విద్య ఎలాంటిదో కాస్త దగ్గరగా చూపిస్తాను. బుధవారం, సబ్‌సెంటరు. నర్సమ్మ క్యారియర్ తెరిచి సీసా తీస్తుంది. సీసా మీద గుండ్రం, దాని మధ్య చిన్న చతురస్రం. వేడి తగిలేకొద్దీ చతురస్రం రంగు ముదురుతుంది. చుట్టూ ఉన్న గుండ్రం కన్నా లేతగా ఉంటేనే వాడాలి. అది సరిగ్గానే ఉంది. బీసీజీ పొడి సీసా అది, పది మందికి సరిపోతుంది. ద్రవం కలిపాక నాలుగు గంటలు దాటితే పారేయాలి. ఆ రోజు వచ్చింది ఇద్దరే పిల్లలు. తెరిస్తే ఎనిమిది డోసులు మట్టిపాలు, వేస్టేజ్ ఎందుకైందని నెలాఖరున అడుగుతారు. తెరవకపోతే ఆ ఇద్దరినీ "వచ్చే బుధవారం రండమ్మా" అని పంపాలి. వచ్చే బుధవారం నాట్లు పడతాయి. తల్లి కూలి పోగొట్టుకుని మళ్లీ వస్తుందా? ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలని మార్గదర్శకాల్లో ఉంది. కానీ మార్గదర్శకాలు రాసినవాళ్లు సమీక్షలో కూర్చోరు, వేస్టేజ్ పట్టిక పట్టుకున్నవాళ్లు కూర్చుంటారు. దేశపు శాతం పెరగడం తగ్గడం అనేది ఇలాంటి బుధవారాల మొత్తం.

జ్వరం సంగతీ ఇక్కడే చెప్పాలి. డీపీటీలో కోరింత దగ్గు భాగం పూర్తి కణాలతో తయారైంది, దానికి చాలామంది పిల్లలకు ఆ రాత్రి జ్వరం వస్తుంది, తొడ వాస్తుంది. మర్నాడు తండ్రి వచ్చి "నిన్నటిదాకా ఆడుకునే పిల్లకి జ్వరం తెచ్చిపెట్టారేంటమ్మా" అని నిలదీస్తాడు. ఆ ఒక్క రాత్రి జాగారంతో రెండో డోసు ఆగిపోయిన ఇళ్లు ఎన్నో. అందుకే ఇప్పుడు నర్సమ్మలకు నాలుగు మాటలు తప్పకుండా చెప్పమని నేర్పుతారు: ఏ టీకా వేశానో, జ్వరం లాంటివి ఏమొస్తే ఏం చేయాలో, మళ్లీ ఎప్పుడు రావాలో, వచ్చేటప్పుడు కార్డు తేవాలని. చెప్పడానికి అర నిమిషం చాలు. రద్దీలో ఆ అర నిమిషమే ముందు ఎగిరిపోతుంది.

2005 తర్వాత ఏం మారింది? జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. ఊరూరా ఆశా కార్యకర్త వచ్చింది. ఏడాదిలోపు బిడ్డకు టీకాలన్నీ పూర్తి చేయిస్తే ఆమెకు వంద రూపాయలు. ఆమె ఊరి కోడలు గనక ఎవరి కోడలు పుట్టింటి నుంచి ఎప్పుడొచ్చిందో ఏ రిజిస్టరూ చెప్పకుండానే ఆమెకు తెలుసు. నా ఉద్దేశంలో ఈ దేశంలో హారాన్ని కొంతవరకు సరిదిద్దింది ఆశా వర్కరే. ఆసుపత్రి కాన్పులు 39 శాతం నుంచి ఐదో సర్వేకు 89 శాతానికి పెరిగాయి. పుట్టిన చోటే బీసీజీ పడిపోతోంది. 2014 డిసెంబరు 25న మిషన్ ఇంద్రధనుష్ మొదలైంది, వదిలిపోయిన పిల్లల్ని వెతకడమే దాని పని. ఇటుక బట్టీలు, కట్టడాల దగ్గరి గుడారాలు, సంచార జాతులు, మురికివాడలు అని జాబితా రాసి వెతికారు. హారంలో లేనివాళ్ల కోసం ఒక కార్యక్రమం రావడానికి 1985 నుంచి దాదాపు ముప్పయ్యేళ్లు పట్టింది.

మధ్యలో ఎదురుదెబ్బలూ ఉన్నాయి. 2008 జనవరిలో ప్రమాణాలు పాటించలేదని కసౌలీ, గిండీ, కూనూర్‌లలోని ప్రభుత్వ టీకా సంస్థల లైసెన్సులు నిలిపేశారు, సరఫరా ఇబ్బంది పడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో తిరువళ్లూరు జిల్లాలో తట్టు టీకా వేశాక నలుగురు పసివాళ్లు చనిపోయారు. ఆ తర్వాత తమిళనాడు ఊళ్లలో టీకా శిబిరాలు ఆపి, డాక్టరున్న పీహెచ్‌సీలోనే వేయాలంది. భద్రత కోసం తీసుకున్న నిర్ణయమే, తప్పనలేం. కానీ 2015-16 సర్వేలో ఆ రాష్ట్రం 81 నుంచి 70కి దిగింది. పడిపోవడానికి ఇదొక్కటే కారణమని నేననను, ఇది లేకుండా మాత్రం వివరించలేం. ఐదో సర్వేలో మళ్లీ 89కి చేరింది.

ఇప్పుడు ఐదో సర్వే తేల్చిన 76.4 శాతం లోపలికి వెళదాం. ఐదో సర్వేలో బీసీజీ 95 శాతం, మూడో డోసు పెంటా లేదా డీపీటీ 87, తట్టు టీకా 88, మూడు సార్లు పోలియో చుక్కలు 80.5. చూశారా? ఒకప్పుడు 55 శాతం డీపీటీ పూర్తి టీకాల అంకెను కిందికి లాగితే, ఇప్పుడు చుక్కలు లాగుతున్నాయి. 2005-06లో డీపీటీ కన్నా ఇరవై మూడు పాయింట్లు పైనున్న పోలియో ఇప్పుడు ఆరు పాయింట్లు కింద ఉంది. పోలియో పోయింది కదా అన్న నిశ్చింత కొంత, కార్డు మీద రాయకపోవడం కొంత కారణమని నాకనిపిస్తుంది. మూడో సర్వేలో కార్డు చూపగలిగిన తల్లులు 38 శాతం, ఐదో సర్వేలో 84 శాతం. తల్లి జ్ఞాపకాన్ని నమ్మినప్పుడు ఒక అంకె, కాగితాన్ని నమ్మినప్పుడు మరో అంకె వస్తాయి. అంచేత మూడో సర్వేనీ ఐదో సర్వేనీ పక్కపక్కన పెట్టేటప్పుడు కొలిచే చేయి మారిందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకో తారుమారు చూడండి. 2005-06లో పట్నాల్లో 58, పల్లెల్లో 39. ఐదో సర్వేలో పట్నాల్లో 75.5, పల్లెల్లో 76.8. పల్లెలు దాటేశాయి. పల్లెలో ఆశా ఉంది, అంగన్‌వాడీ టీచరు ఉంది, ఎవరింట్లో ఎవరు పుట్టారో అందరికీ తెలుసు. హైదరాబాద్‌లో అపార్టుమెంటు కడుతున్న చోట రేకుల షెడ్డులో ఉన్న కుటుంబం ఆర్నెల్లకోసారి మారుతుంది. ఆ బస్తీ ఏ పీహెచ్‌సీ కిందికి వస్తుందో ఆ పీహెచ్‌సీకే ఒక్కోసారి తెలియదు. నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి, మన పాతవాళ్లు కోరంటి అనే ఆసుపత్రికి, డిఫ్తీరియా కేసులు ఈ శతాబ్దంలోనూ వస్తూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 65 నుంచి 73కి, తెలంగాణ 68 నుంచి 79కి ఎక్కాయి. రెండూ పెరిగాయి గానీ ఒడిశా 90 దాటిందన్నది మనం కాస్త సిగ్గుపడాల్సిన విషయమే.

కోవిడ్ మరోసారి పరీక్ష పెట్టింది. డీపీటీ మూడో డోసు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి ఏటా వేసే అంచనాల్లో భారత్ 2019లో 91 శాతం, 2020లో 85. ఒక్క డోసూ పడని పిల్లలు 2021లో 27 లక్షలు. 2022లో అది 11 లక్షలకు దిగింది, 2023లో 16 లక్షలకు పెరిగింది. 2022 చివర్లో ముంబయిలో, రాంచీలో, అహ్మదాబాద్‌లో, మలప్పురంలో తట్టు ఎందుకు విరుచుకుపడిందో ఈ అంకెలే చెబుతాయి. తట్టును ఆపాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. ఏటా దాదాపు రెండున్నర కోట్ల మంది పుట్టే దేశంలో ఒక్క శాతమంటే రెండున్నర లక్షల మంది. టీకా పడనివాళ్ల శాతం చిన్నదైనకొద్దీ ఆ మిగిలిన వాళ్లు ఒకచోటే గుంపుగా ఉంటారు. బస్తీలో, బట్టీలో, తండాలో. వ్యాధికి సగటుతో పనిలేదు, గుంపు ఎక్కడుందో చాలు.

మళ్లీ మాస్టారి ప్రశ్నకే వస్తున్నాను. దేశం మొత్తానికి మన హారం ఎక్కడిది? 2011 జనగణనది. 2021లో జరగాల్సిన గణన వాయిదా పడింది. 2027 మార్చి 1 ప్రాతిపదికగా చేస్తామని నోటిఫికేషన్ ఇచ్చారు. అంటే ఇన్నేళ్ల పాటు, 2011 నాటి తలలను అంచనాలతో పెంచుకుంటూ, పెంచాల్సిన చోట తక్కువ పెంచి, జననాలు పడిపోయిన చోట ఎక్కువ పెంచి, వాటి మీద టీకాల శాతాలు కట్టాం. టీకాలు నమోదు చేసే యూ-విన్ లాంటి ఆన్‌లైన్ వేదికలో ఇప్పుడు పిల్లలు పేరుపేరునా నమోదవుతున్నారు, పుట్టింట్లో వేసిన డోసు అత్తింటి నర్సమ్మ ఫోన్లో కనిపిస్తుంది. ఇది నాకు నచ్చింది. కానీ నమోదైన బిడ్డే కనిపిస్తుంది. నమోదు కాని బిడ్డను యాప్ వెతకదు.

వెనక నిలబడ్డ మెడికోలకు ఒక పని అప్పజెప్పి ముగిస్తాను. మీ రూరల్ పోస్టింగులో ఒక ఊరు తీసుకోండి. రెండేళ్లలోపు పిల్లల్ని ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టండి. రామాలయం దగ్గర మొదలుపెట్టకండి. ఊరి చివర, తండా కొసన, బట్టీ ఉంటే బట్టీ దగ్గర మొదలుపెట్టి లోపలికి రండి. పుట్టింటికి వెళ్లినవాళ్లను, పుట్టింటికి వచ్చినవాళ్లను విడివిడిగా రాయండి. తర్వాత సబ్‌సెంటరు రిజిస్టరు తెరిచి, రెండు సంఖ్యలూ పక్కపక్కన రాసి నాకు పంపండి. తేడా లేదంటే సంతోషంగా ఒప్పుకుంటాను. ఇంతవరకు అలాంటి ఊరు నాకు తగల్లేదు.